గువ్వలకొట్టాల కలిసొస్తే

ఫిబ్రవరి 3, సోమవారం

బ్యాంకు మేనేజరు బసవరాజు గారు మళ్లీ ఫోన్ చేశారు. కోపంగా మాట్లాడలేదు. కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలు అని పెట్టేసేదాన్ని. ఆదోని వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది. "మార్చి ఆఖరుదాకా చూస్తా తల్లీ. ఆమీద నా చేతిలో ఉండదు. దుడ్లు బ్యాంకువి గదా" అన్నారు.

రెండేళ్ల కింద రిజర్వాయరు నుంచి మా బండపల్లెకు పైపు తెచ్చుకున్నప్పుడు ఎంత సంబరపడ్డాం. ట్రస్టువాళ్లు సగం ఇచ్చారు, మిగతా సగం ఊరంతా కలిసి అప్పు చేశాం. ఇంటింటికీ నెల నెలా కంతు. దారి పొడుగునా నాపరాయి కాబట్టి కాలువ తవ్వడానికే ఎక్కువైంది. అయినా ఏడాదిన్నర బాగానే కట్టారు. ఈసారి శనగ చేతికి రాలేదు. బండల పాలిష్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కొన్ని ఇళ్లు కంతు మానేశాయి, వాళ్ల వాటా మిగతావాళ్ల మీద పడింది. అది మోయలేక ఇంకొన్ని ఇళ్లు మానేశాయి. ఇప్పుడు ఇంటికి నాలుగు వందలు. వచ్చే నెల ఎంతవుతుందో.

తాగునీటి సంఘం అధ్యక్షురాలిని నేను. నేనే దిగులు పడితే ఊరేం కావాలి? అందుకని పడటం లేదు.

ఫిబ్రవరి 5

దొరికింది. దొరికేసింది.

పొద్దున ట్యాంకు దగ్గరికి పోయాను. మోటారు చూసే బుడేన్ సాహెబ్ అప్పుడే ఆపాడు. ట్యాంకు పైనుంచి నీళ్లు పొర్లి కింద మడుగు కట్టాయి, అందులో ఎవరివో రెండు బర్రెలు హాయిగా పడుకున్నాయి. రోజూ ఇంతేనా అని అడిగాను. పైపు పెద్దదనీ, మన ఊరికి పోగా నీళ్లు మిగులుతూనే ఉంటాయనీ అన్నాడు. అప్పుడే దుమ్ము లేపుకుంటూ ట్యాంకరు లారీ మా ముందునుంచి పోయింది. పక్క ఊరు గువ్వలకొట్టాలకు. రోజూ పోతుంది, రోజూ ఆ దుమ్ము తుడుచుకుంటాను, ఒక్కనాడూ తట్టలేదు నాకు.

మనకు నీళ్లు ఎక్కువ, కట్టే ఇళ్లు తక్కువ. వాళ్లకు ఇళ్లు ఉన్నాయి, నీళ్లు లేవు. ట్యాంకరుకు పోసే డబ్బు కంతు కడితే? గువ్వలకొట్టాల మనతో కలిస్తే?

చెప్పు తెగితే దాన్ని చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చాను. అంత తొందర దేనికో.

ఫిబ్రవరి 6

మా ఆయన జయకుమార్‌కు చెప్పాను. సిమెంటు లారీ దిగి అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. అంతా విని నవ్వాడు. "మే, ఇదంతా మీ అక్క కోసమా?" అన్నాడు.

మా అక్క స్వర్ణలతను ఆ ఊరికే ఇచ్చారు. రెండేళ్ల కింద ట్యాంకు ఏ ఊళ్లో కట్టాలని పెద్దవాళ్లు పోట్లాడుకున్నప్పుడు, గువ్వలకొట్టాలవాళ్లు మాకొద్దని పక్కకు జరిగారు. వాళ్ల బీడు మీదుగా పైపు పోనీయలేదు. మా బావ ఓబుళేశు జేసీబీ ముందు అడ్డంగా పడుకున్నాడు. అక్క ఆయన పక్కన నిలబడింది. నేను ఇటు నిలబడ్డాను. పైపు గుట్ట చుట్టూ తిప్పుకొచ్చాం. అంతే. ఆనాటి నుంచి అక్క నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

అక్క కోసం కాదు. కంతు తగ్గాలి. అదే చెప్పాను.

ఫిబ్రవరి 8

ఎర్రగుంట్ల పోయి బసవరాజు గారిని కలిశాను. ఆయన బల్ల మీద కాగితం లాక్కుని నేనే బొమ్మ గీసి చూపించాను. ఇదిగో రిజర్వాయరు, ఇదిగో మేము, ఇదిగో గువ్వలకొట్టాల. శ్రద్ధగా విన్నారు. రెండో ఊరు కూడా సంఘంలో చేరి సంతకాలు చేస్తే మిగిలిన అప్పును కొత్తగా లెక్కగట్టి, ఇళ్లన్నిటికీ పంచి, గడువు కూడా ఇంకొన్ని ఏళ్లు పొడిగించమని పైవాళ్లకు రాస్తానన్నారు. బాకీ కట్టలేకపోయే ఊరి కంటే కట్టగలిగే రెండూళ్లు ఆయనకూ మేలేనట. మార్చిలోపు రావాలి, అదొక్కటే షరతు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను. పక్కన కూర్చున్న ఆమె రెండుసార్లు చూసి కొంచెం జరిగి కూర్చుంది.

ఫిబ్రవరి 11

రేపు పోవాలి గువ్వలకొట్టాలకు.

ఫిబ్రవరి 12

పోలేదు. శుక్రవారం మంచిదన్నారు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పోయాను. బుడేన్ సాహెబ్‌ను తోడు తీసుకుపోయాను. ఆ ఊళ్లో ఆయన మీద ఎవరికీ కోపం లేదు.

బావ ఇంటి ముందర బండ మీద పదిమంది కూర్చున్నారు. నేను మాట్లాడటం మొదలుపెట్టాక ఆగలేదు. ట్యాంకరు ఖర్చు, కంతు, పైపు, కొళాయి, అన్నీ చెప్పాను. ట్యాంకరు రాని నాడు వాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో నాకు తెలుసనీ చెప్పాను. ఒకాయన తల ఊపాడు. బావ మాత్రం నేల చూస్తూ విన్నాడు.

అక్క లోపలినుంచి మజ్జిగ గ్లాసులు తెచ్చింది. జుట్టు ముందరంతా నెరిసింది. నా దగ్గరికి వచ్చేసరికి గ్లాసు నాకు ఇవ్వకుండా బుడేన్ సాహెబ్ చేతికి ఇచ్చి, "అధ్యక్షురాలు గారికి ఇయ్యి సాహెబూ" అంది.

అధ్యక్షురాలు గారు. నన్ను.

తాగాను. మా అమ్మ చేసినట్టే అల్లం దంచి వేసింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆలోచించుకుని చెబుతామన్నారు. బాగానే జరిగింది. చాలా బాగా జరిగింది.

ఫిబ్రవరి 19

జవాబు వచ్చింది. చేరతారట!

షరతు ఒకటి పెట్టారు. నీళ్లు కొనుక్కునేవాళ్లలాగా చేరరు, సమానంగా చేరతారు. సంఘంలో సగం మంది వాళ్లవాళ్లు. అధ్యక్ష పదవి ఒక విడత వాళ్లకు, ఒక విడత మాకు. మొదటి విడత వాళ్లది.

ఎవరని అడిగాను. కబురు తెచ్చిన బుడేన్ సాహెబ్ తలగుడ్డ తీసి దులిపి మళ్లీ కట్టుకున్నాడు. "మీ అక్క పేరు చెప్పినారు తనూజమ్మా" అన్నాడు.

ఫిబ్రవరి 20

నాకు పదవి మీద ఏ ఆశా లేదు. ఉంటే ఇక్కడైనా రాసుకునేదాన్ని కదా.

ఫిబ్రవరి 22

ఆలోచిస్తే ఇందులో చాలా చిక్కులున్నాయి. అక్కకు చదువు తక్కువ. బ్యాంకులో మాట్లాడాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. నేను డిగ్రీ రెండో ఏడుదాకా చదివాను. పైపు తెచ్చిన రోజున ట్యాంకు మీద రాయించింది నా పేరే. అది అక్కడ ఉండాలని నేను అడగలేదు, పెయింటరు తనే రాశాడు, నేను పేరు స్పెల్లింగు సరిచూశాను, అంతే. సంఘం మీటింగు అంటే ఊళ్లో మగవాళ్లు కూడా లేచి జాగా ఇస్తారు. అది నాకు కాదు, పదవికి ఇచ్చే మర్యాద. ఆ మర్యాద పోకూడదనే నా బాధ. ఊరికోసమే చెబుతున్నాను.

వాళ్ల షరతు సంగతి ఊళ్లో ఇంకా చెప్పలేదు. మంచి రోజు చూసి మీటింగు పెట్టాలి.

ఫిబ్రవరి 25

మీటింగు పెట్టలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

ఫిబ్రవరి 27

నిన్న శివరాత్రి. జాగారం ఉన్నవాళ్లంతా ఈ రోజు నిద్రపోతున్నారు. ఇలాంటప్పుడు మీటింగు ఎలా పెడతాం?

బసవరాజు గారు ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలి?

మార్చి 1, శనివారం

ఈ రోజు జరిగింది రాయాలి.

సాయంత్రం ఊరి బయట పాత బోరు దగ్గర దౌలత్ బీ కనిపించింది. బుడేన్ సాహెబ్ భార్య. జాకెట్లు కుట్టి కుట్టి నడుము వంగిపోయిన మనిషి. ఆ బోరులో ఉప్పునీళ్లు. పైపు వచ్చినప్పటి నుంచి పశువులకు తప్ప ఎవరూ పట్టరు. ఆమె చేతిలో బిందె, చంకలో ఇంకో బిందె. రేపో ఎల్లుండో రంజాన్ ఉపవాసాలు మొదలు కదా, ఇంట్లో కొళాయి ఉండగా ఇక్కడికి ఎందుకొచ్చావని అడిగాను.

"ఆయనే కట్టేసినాడమ్మా" అంది. "మూడు కంతులు ఆగిపోయినాయి. మూడు ఆగితే మూసేయాల అని మీరే గదా రాసినారు. ఇంకొకరి కొళాయి మూసే చెయ్యి మన కొళాయి ఎట్ల తెరిచి పెడుతుంది అంటాడు."

బిందె తీసుకోబోతే ఇవ్వలేదు. ఇద్దరం చెరో బిందెతో ఊళ్లోకి వస్తుంటే నెలవంక కనిపించిందని మసీదు మైకులో చెప్పారు. ఆమె ఆగి, బిందె దించి, చేతులు ముఖానికి తాకించుకుంది. నేను పక్కన నిలబడ్డాను. నా చేతిలో ఉప్పునీళ్ల బిందె.

ఆ తీర్మానం మీద సంతకం నాది. ఫిబ్రవరి పందొమ్మిదిన వచ్చిన కబురును ఇన్నాళ్లు కొంగున ముడేసుకుని కూర్చున్నదీ నేనే. ఎండలట. శివరాత్రట.

మీటింగు ఎల్లుండి. ఇంటింటికీ చెప్పి వచ్చాను.

మార్చి 3

ఊరంతా వచ్చారు. కంతు తగ్గుతుందనగానే కదలిక వచ్చింది, అధ్యక్ష పదవి వాళ్లకనగానే గోల మొదలైంది. మా వీధి పెద్దాయన కర్ర నేలకు కొట్టి, రెండేళ్ల కింద మన కాలువకు అడ్డం పడినవాళ్ల చేతి కింద మనం ఉండాలా అని లేచాడు. ఇంకో నలుగురు లేచారు. తనూజమ్మకు అవమానం అన్నారు.

వాళ్లు నా తరఫునే మాట్లాడుతున్నారు. కాసేపు వినడానికి చాలా బాగుంది. అబద్ధం రాయను, బాగుంది.

తరువాత లేచాను. "పోయేది నా పేరు. మీది కాదు. తగ్గేది మీ కంతు. ఇంక దేనికి ఆలోచిస్తాండారు?" అన్నాను.  

ముందు చెయ్యెత్తింది ఆడవాళ్లు. ఒకరి తర్వాత ఒకరు, గాజుల చప్పుడు. పెద్దాయన చుట్టూ చూసి, కర్ర గోడకు ఆనించి, తనూ ఎత్తాడు.

మార్చి 4

తలనొప్పి.

మార్చి 7

ఫోన్‌లో చెప్పొచ్చు. ఎవరితోనైనా కబురు పంపొచ్చు. ఒక్కదాన్నే నడిచిపోయాను గువ్వలకొట్టాలకు.

బావ చేలోకి పోయాడు. అక్క పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతోంది. నన్ను చూసి లేవలేదు. పీట మాత్రం కాలితో ఇటు జరిపింది. కూర్చున్నాను. మా ఊరు ఒప్పుకుందని చెప్పాను. అధ్యక్షురాలు నువ్వేనన్నాను. అభినందనలు అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లో ఎంత వికారంగా ఉందో.

అక్క పెనం మీది రొట్టెను తిప్పింది. ఆ రొట్టె మాడుతోంది, ఇద్దరం చూస్తున్నాం, ఎవరమూ తియ్యలేదు.

"నా పేరు నేను చెప్పలే" అంది చివరికి. "మీ బావ చెప్పినాడు. నీ కుర్చీ తీసేస్తే తిట్టేదానికైనా వస్తాదిలే అని. నేనూ అట్లే అనుకున్యా. రోజూ దావ చూసినా. రాలే నువ్వు."

 కబురు పంపితే వచ్చేదాన్ని కదా అన్నాను.

"ఏమని పంపాల? పైపుకు అడ్డం పడుకున్నోని పెండ్లాన్ని, నువ్వు రా అని పంపాల్నా?" కొంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వే ఉండుపో అధ్యక్షురాలిగా. మావాళ్లకు నేను చెప్తా. నాకు బ్యాంకంటే కాళ్లాడవు."

అంటే ఉంది. నా పదవి నాకు ఉంది. అక్కే ఇస్తోంది, ఊరు ఊరంతా చేతులెత్తి ఒప్పుకున్నాక కూడా మళ్లీ ఇస్తోంది. ఇన్ని రోజులుగా నేను కోరుకున్నది అదే, రాయడానికి సిగ్గయినా అదే.

"ఊరికి చెప్పేసినా. ఇంక నువ్వే" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చేసాక తేలిగ్గా ఉంది.

మాడిన రొట్టె బర్రెకు వేసి ఇంకోటి తట్టింది. గోంగూర ఊరిమిండి పచ్చడితో రెండు తిన్నాను. మూడోది కూడా.

మార్చి 12

ఈ తేదీని పెద్ద అక్షరాలతో రాయాలి.

రెండూళ్లవాళ్లం ఒకే ఆటోలో, ఇరుక్కుని, ఎర్రగుంట్ల పోయాం. బావ డ్రైవరు పక్కన సగం బయటే ఉన్నాడు. బ్యాంకులో అక్క పెన్ను పట్టుకుని ఆగిపోతే బసవరాజు గారు పెన్ను మార్చి ఇచ్చారు, అది బాగా రాస్తుందని. అక్క సంతకం నిదానంగా పెట్టింది. ఒక్కో అక్షరం పూర్తయ్యేదాకా గదిలో అందరం ఊపిరి బిగబట్టాం. బసవరాజు గారు కూడా.

పైనుంచి అనుమతి ముందే తెప్పించి పెట్టుకున్నారు ఆయన. మాకు చెప్పలేదు, సంతకాలయ్యాక చెప్పారు. గడువు పొడిగించారు, పాత బాకీ మీద జరిమానా తీసేశారు, గువ్వలకొట్టాల పైపు ఖర్చు కూడా కలిపి ఇళ్లన్నిటికీ పంచారు. నాలుగు వందల కంతు ఇంటికి నూట డెబ్బై!

నూట డెబ్బై. ఇంకోసారి రాస్తాను. నూట డెబ్బై.

బయటికి వచ్చి అందరం బజ్జీలు, బొరుగులు తిన్నాం. మాతో వచ్చిన దౌలత్ బీది ఉపవాసం కదా, ఆమె కోసం పొట్లం కట్టించాడు బావ. ఇంటికి రాగానే బుడేన్ సాహెబ్‌కు ఫోన్ చేసి అంకె చెప్పాను. అటువైపు డబ్బాలో ఇనప సామాన్లు కదిలిన చప్పుడు. తరువాత, కొళాయి మూత తీసే పానా ఎక్కడ పెట్టానో వెతుకుతాండా అన్నాడు.

మార్చి 20

గువ్వలకొట్టాలకు కాలువ తవ్వుతున్నారు. మళ్లీ నాపరాయి. పెద్ద చప్పుడు, తెల్లటి దుమ్ము. ఈసారి బావ జేసీబీ ముందు నడుస్తూ ఎక్కడ రాయి మెత్తగా ఉందో చూపిస్తున్నాడు. మావాళ్లలో ఒకడు, పడుకోవేమప్పా అని ఎగతాళి చేశాడు.  బావ ఒక క్షణం అతన్నే చూసి, "రాత్రి బాగా పండుకున్యాలే" అని పని చేసుకుపోయాడు.

అందరూ నవ్వారు. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

మార్చి 26

నీళ్లు వదిలి చూశాం. గుట్ట మలుపు దగ్గర జాయింటు ఊడిపోయి తాటిచెట్టంత ఎత్తున చిమ్మింది. బుడేన్ సాహెబ్ వాల్వు కట్టేదాకా రెండూళ్ల జనం తడిసి ముద్దయ్యారు. కొందరు తప్పుకోనేలేదు, కావాలనే నిలబడ్డారు. పెద్దాయన చొక్కా విప్పి వీపు పట్టాడు.

జాయింటు రేపు వేస్తారట.

మార్చి 29

వచ్చాయి. గువ్వలకొట్టాలకు వచ్చాయి. ఉగాదికి ముందు రోజు.

మొదట గాలి బుసకొట్టింది. తరువాత ఎర్రటి మన్ను నీళ్లు, అందరి ముఖాలూ వాడాయి. ఆగండి ఆగండి అని బుడేన్ సాహెబ్ రెండు చేతులూ ఎత్తి సముదాయిస్తున్నాడు. తేటపడుతూ పడుతూ, చివరికి కొళాయి కింద బిందె అడుగు కనిపించింది.

అక్క జనంలో తల తిప్పి వెతికింది. ఎవరి కోసమో అనుకున్నాను.

"ఏమే తనూజా, యాడ నిలబడినావే ఆడ? వచ్చి బిందె పట్టు" అని కేకేసింది.

పోయాను. ఎవరో జాగా ఇచ్చారు. చూసుకోలేదు ఎవరో.

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి కంతు రెండూళ్లలోనూ వసూలైంది, నాలుగైదు ఇళ్లు తప్ప. ఆ ఇళ్లకు ఇంకొంచెం గడువు ఇవ్వాలనీ, మూడు కంతులు ఆగితే కొళాయి మూయాలన్న నా తీర్మానం తీసేయాలనీ అక్క అంది. సంఘంలో అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

మధ్యాహ్నం అక్క ఇంట్లో ఉండగా కొత్త మనుషులు వచ్చారు. గుట్టకు అవతల చింతలగొంది వాళ్లు. వాళ్లకూ ట్యాంకరే గతి. మన పైపులో మేమూ కలవొచ్చా అని అడగడానికి వచ్చారు. తిన్నగా అక్క ముందుకు పోయి నమస్కారం పెట్టారు. నా వైపు ఎవరూ చూడలేదు. కొంచెం చివుక్కుమంది. కొంచెమే.

అక్క వాళ్లను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నా వైపు చెయ్యి చూపింది. "ఈ ఉపాయం కనిపెట్టింది మా చెల్లెలు. లెక్కలన్నీ దానికే తెలుసు. దాన్నే అడగండప్పా" అంది.

మొదలుపెట్టాను. రిజర్వాయరు ఎక్కడ, పైపు లావెంత, మోటారు ఎంతసేపు ఆడుతుంది, వాళ్ల ఊళ్లో ఇళ్లెన్ని, మూడూళ్లు కలిస్తే కంతు ఎక్కడికి దిగుతుంది. బొగ్గుముక్కతో అక్క ఇంటి బండల మీదే గీసి చూపించాను. వాళ్లలో ఒకాయన గొంతుక్కూర్చుని వేలితో ఆ గీత వెంబడి తన ఊరిదాకా పోయి, అక్కడే వేలు ఆపి ఉంచాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. టీ చల్లారిపోయిందని అక్క రెండుసార్లు చెప్పిందట, వినలేదు నేను.

వాళ్లు వెళ్లాక అక్క బండలు తుడవబోయి, ఆ బొమ్మను చూసి, తుడవకుండా గుడ్డ పక్కన పెట్టింది. "రేప్పొద్దున ఆటో చెప్పినా. చింతలగొందికి పోదాం, ఇద్దరమే. పెందలాడే తయారుగా ఉండు" అంది.

ఏ చీర కట్టుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.